చెవితో వాడిన కంప్యూటర్లు

నా కంప్యూటర్ జ్ఞాపకాల్లో తెర మీద చూసినవాటి కంటే చెవిన పడ్డవే ఎక్కువ. నా మొదటి మెషీన్లో ఏ ఫైళ్లు దాచుకున్నావని అడిగితే నీళ్లు నములుతాను. దాని ఫ్లాపీ డ్రైవు ఎలా గొణిగేదో మాత్రం ఇప్పటికీ నోటితో చేసి చూపించగలను. స్విచ్ వేయగానే ముందు పవర్ సప్లై ఫ్యాను బుస్సుమనేది. వెనకాలే హార్డ్ డిస్కు సన్నగా మొదలై, శ్రుతి పెంచుకుంటూ పోయి, ఒక ఎత్తు దగ్గర నిలబడేది. ఫ్లాపీ డ్రైవు ఒక్కసారి గర్ర్‌మని ఒళ్లు విరుచుకునేది. ఆఖర్న ‘బీప్’. అది వినపడిందంటే మానిటర్ ఇంకా ఆన్ చేయకపోయినా బెంగ లేదు, లోపల అంతా కులాసాయే.

ఆ బీప్‌కి ఒక కారణం ఉంది. తెర వెలగాలంటే డిస్‌ప్లే కార్డు పనిచేయాలి, అంతకంటే ముందు మెమరీ పనిచేయాలి. అవే చెడిపోతే మెషీన్ తన బాధ ఎవరికి చెప్పుకోవాలి? అందుకని 1981లో వచ్చిన ఐబీఎం పీసీలోనే, తెరతో పనిలేకుండా లోపలున్న చిన్న స్పీకరుతో చెప్పించే ఏర్పాటు చేశారు. ఒక పొట్టి బీప్ వస్తే పరీక్షలన్నీ పాసైనట్టు. ఒక పొడుగు, రెండు పొట్టి వస్తే డిస్‌ప్లే కార్డు దగ్గర తేడా. తర్వాత బయాస్ (స్విచ్ వేయగానే మెషీన్‌ని పరీక్షించి లేపే ప్రోగ్రాము) తయారుచేసే ఒక్కో కంపెనీ తన బీపుల పట్టిక తను రాసుకుంది గానీ, ఈ పొడుగూ-పొట్టీ-పొట్టీ మాత్రం చాలా బోర్డుల్లో అదే అర్థంతో మిగిలింది.

నాకు హార్డ్‌వేర్ నేర్పిన మాస్టారు స్క్రూడ్రైవర్ అంత తొందరగా చేతికిచ్చేవారు కాదు. "ముందు విను. అది చెప్పాల్సింది చెప్పేశాక విప్పుదువుగాని" అనేవారు. నేను స్విచ్ వేస్తే ఆయన పక్క గదిలో కూర్చునే, "ర్యామ్ సరిగ్గా కూర్చోలేదు, తీసి మళ్లీ పెట్టవోయ్" అని కేకేసేవారు. ర్యామ్ పట్టీ తీసి, ఆ పసుపుపచ్చని అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో తుడిచి, రెండు చివర్లా టక్కుమనేదాకా నొక్కితే ఆగకుండా అరుస్తున్న మెషీన్ ఒక్క పొట్టి బీప్‌తో శాంతించేది. చాలాసార్లు ఆయన మాటే నెగ్గేది. నెగ్గనప్పుడు, "ఈ బోర్డుకి నిజం చెప్పే అలవాటు లేదు" అని తేల్చేసేవారు.

ఆ స్పీకరు సంగతి కూడా చెప్పుకోవాలి. దానికి తెలిసినవి రెండే స్థితులు: పొర ముందుకి, పొర వెనక్కి. మధ్యలో ఏమీ లేదు, అంటే గొంతు పెంచడం తగ్గించడం కూడా కుదరదు. టైమర్ చిప్పు ఎంత వేగంగా ఊపితే అంత ఎత్తు స్వరం. ఒకేసారి రెండు స్వరాలు పలకలేదు కదా, మరి ఆటల్లో సంగీతం ఎలా? మూడు స్వరాల్ని ఒకదాని వెనక ఒకటి ఎంత గబగబా మార్చేవారంటే, చెవి మోసపోయి మూడూ కలిసి మోగుతున్నాయనుకునేది. నా దృష్టిలో ఇవాళ్టి సినిమా స్థాయి నేపథ్య సంగీతం కంటే అది ఎక్కువ తెలివైన పని.

1989లో సౌండ్ బ్లాస్టర్ అనే శబ్దాల కార్డు వచ్చి ఆ అవస్థ తీర్చింది. దాంతోపాటే కొత్త అవస్థ తెచ్చింది. కార్డు ఏ అడ్రసులో ఉంది, ప్రాసెసర్‌ని పిలవడానికి ఏ ఇంటరప్ట్ వాడుతోంది, మెమరీ నుంచి నేరుగా సరుకు తెచ్చుకోవడానికి ఏ డీఎంఏ ఛానెల్ వాడుతోంది అన్నీ ప్రతి ఆటకీ మనమే చెప్పాలి. ‘ఏ220 ఐ5 డీ1’. దేవుడి శ్లోకాలు మర్చిపోయాను గానీ ఇది మర్చిపోలేదు. ఇంటరప్ట్ నంబరు తప్పిచ్చామా, ఆటలో సైనికుడు "గో" అన్న ముక్కే "గో-గో-గో-గో" అని ఆగకుండా జపం చేసేవాడు. ఆ జపం వినగానే ఎక్కడ మార్చాలో తెలిసేది. తప్పు కూడా చెవితోనే దొరికేది.

ఫ్లాపీ డ్రైవు వీటన్నిటిలోకీ పెద్ద మాటకారి. మూడున్నర అంగుళాల ఫ్లాపీలో ఒక్కో వైపు 80 ట్రాకులు, అంటే డేటా రాసే గుండ్రటి గీతలు. డిస్కు నిమిషానికి 300 సార్లు తిరుగుతుంటే, చదివే హెడ్డుని స్టెప్పర్ మోటారు ట్రాకుకి ఒక అడుగు చొప్పున జరుపుతుంది. మనకి వినపడే టిక్ టిక్ టిక్ ఆ అడుగుల చప్పుడే. ఫైలు వరసగా ఒకచోటే ఉంటే అడుగులు తాపీగా, సమంగా పడేవి. ముక్కలై చెదిరి ఉంటే హెడ్డు అటూ ఇటూ ఉరికి గిర్రుగిర్రుమనేది. చదవడానికి లొంగని సెక్టారు (ట్రాకులో ఒక ముక్క) తగిలితే హెడ్డు మొత్తం వెనక్కి, సున్నా ట్రాకు దాకా పోయి, అక్కణ్నుంచి మళ్లీ లెక్కపెట్టుకుంటూ వచ్చి ఇంకోసారి చూసేది. ఆ ‘గ్ర్ర్… టక్… గ్ర్ర్’ రెండోసారి వినపడిందంటే, తెర మీద ‘అబార్ట్, రీట్రై, ఫెయిల్’ రాకముందే నాకు నీరసం వచ్చేసేది. మూడో ప్రయత్నంలో లొంగితే మాత్రం ఆ ఆనందమే వేరు.

ఆ మోటారు అడుగుల వేగం మారిస్తే శ్రుతి మారుతుంది. దాన్ని పట్టుకుని ఫ్లాపీ డ్రైవుల్ని వరసగా పేర్చి పాటలు వాయించినవాళ్లు ఉన్నారు. మొదటిసారి విన్నప్పుడు పగలబడి నవ్వాను. నవ్వుతూనే, ఇదంతా మనకి ముందే తెలుసు కదా అనిపించింది. ఏ ప్రోగ్రాము తెరుచుకుంటోందో పాట విని సినిమా చెప్పినంత తేలిగ్గా చెప్పేవాళ్లం.

1.44 ఎంబీ అన్న అంకె మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపమే. 80 ట్రాకులు, రెండు వైపులు, ట్రాకుకి 18 సెక్టార్లు, సెక్టారుకి 512 బైట్లు. గుణించండి: 14,74,560 బైట్లు. మెగాబైటంటే పది లక్షల బైట్లనుకుంటే ఇది 1.47. కాదు, 10,48,576 బైట్లనుకుంటే 1.41. 1.44 రావాలంటే ఒకసారి 1024తో, ఒకసారి 1000తో భాగించాలి. ప్రపంచమంతా ఇరవై ఏళ్ల పాటు ఈ లెక్కని అట్ట మీద చదివి ఊరుకుంది.

విండోస్ 95 ఫ్లాపీల్లో కొన్నవాళ్లకి 13 డిస్కులు వచ్చేవి. మామూలు పద్ధతిలో అన్నీ పట్టవని, మొదటిది తప్ప మిగతా వాటిలో 1.68 ఎంబీ ఇరికించే ప్రత్యేక ఫార్మాట్ వాడారు. పన్నెండు డిస్కులు బుద్ధిగా నడిచి పదమూడోదాని దగ్గర డ్రైవు గొంతు మారితే ఆ కుర్చీలో కూర్చున్న మనిషి పరిస్థితి ఏమిటో అనుభవించినవాళ్లకే తెలుసు.

హార్డ్ డిస్కు ఇంత వాగుడుకాయ కాదు గానీ దాని మాటకి విలువ ఎక్కువ. అప్పట్లో మెమరీ చాలా తక్కువ. నిండిపోగానే విండోస్ కొంత సరుకుని డిస్కు మీదికి తోసి, కావాల్సినప్పుడు వెనక్కి తెచ్చుకునేది. ఆ రాకపోకలు మొదలయ్యాయంటే అటక మీద ఎలుక చేరినట్టు ఒకటే కరకర. మౌస్ బాణం బిగుసుకుపోయినప్పుడు ఆ చప్పుడే మాకు ఆధారం. కరకర వినపడుతోందా, ఇంకా ఆలోచిస్తోంది, ఓపిక పట్టాలి. ఏమీ వినపడటం లేదా, పోయింది, రీసెట్ నొక్కాలి. ఇప్పుడు తెర మీద గుండ్రటి చక్రం తిరుగుతుంది. వెనక పని జరుగుతున్నా తిరుగుతుంది, వెనకున్నది చచ్చిపోయినా తిరుగుతుంది. ఆ చక్రాన్ని నేను ఎన్నడూ నమ్మలేదు.

హార్డ్ డిస్కు చచ్చిపోయే ముందు చేసే చప్పుడు ఒకసారి వింటే మరి మర్చిపోలేం. టక్. కాసేపు ఆగి, టక్. హెడ్డుకి తన దారి చెప్పే గుర్తులు పళ్లెం మీదే రాసి ఉంటాయి. అవి కనపడకపోతే అది మొదటికి వెళ్లి మళ్లీ వెతుకుతుంది. ఆ వెతుకులాటే ఈ టక్ టక్. ఒక స్నేహితుడి థీసిస్ మొత్తం ఇలాంటి డిస్కులోనే ఉండిపోయింది, వేరే కాపీ లేదు. డిస్కు చల్లగా ఉన్నప్పుడు కొద్దిసేపు మామూలుగా పనిచేస్తోందని గమనించాం. ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ వేసి, టక్ టక్ మొదలయ్యేలోపు ఎన్ని ఫైళ్లు వస్తే అన్ని లాక్కోవడం. వాడు తెర చూస్తూ కాపీ చేస్తుంటే నేను చెవి డబ్బాకి ఆనించి కూర్చున్నాను. శ్రుతి కాస్త వణికితే చాలు, "ఆపరా" అనేవాణ్ని. తెల్లారేసరికి అధ్యాయాలన్నీ బయటపడ్డాయి. బొమ్మల ఫోల్డరు రాలేదు. ఇప్పటికీ వాడు ఎక్కడైనా టక్‌మని వినపడితే ఉలిక్కిపడతాడు.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అది ఇంకా బతికే ఉంది. కార్బన్ కాపీలు కావాల్సిన చోట పిన్నులు కాయితాన్ని నిజంగా కొట్టాలి, లేజర్ ఆ పని చేయలేదు. తొమ్మిది పిన్నుల ప్రింటర్ ఖాళీ వరస మీద సర్రున జారి, అక్షరాల వరస మీద చర్ర్‌ర్‌మని అరిచేది. పక్క గది నుంచి వింటూనే పట్టిక అచ్చవుతోందా, పేరాగ్రాఫా చెప్పొచ్చు.

ఇక మోడెం, ఫోన్ లైను మీద కంప్యూటర్‌ని ఇంటర్నెట్‌కి కలిపే పెట్టె. పాత కంప్యూటర్ల గురించి రాసే ప్రతివాడూ దీని గురించి రాస్తాడు, నేనూ రాయకుండా ఉండలేను. లైను తీసిన టక్, డయల్ టోను, తర్వాత అంకెలు. ఒక్కో అంకెకి రెండు స్వరాలు కలిసి మోగుతాయి. 5 అయితే 770 హెర్ట్జ్, 1336 హెర్ట్జ్. అవతలి మోడెం లైను ఎత్తగానే 2100 హెర్ట్జ్ దగ్గర సన్నటి కూత. ఆ కూత మన మోడెం కోసమే అనుకునేవాణ్ని. కాదు. మనుషులు మాట్లాడుకునేటప్పుడు ప్రతిధ్వని రాకుండా ఫోన్ నెట్‌వర్కులో కొన్ని పరికరాలు కాపలా కాస్తుంటాయి. ‘ఇప్పుడు మాట్లాడబోయేది మనుషులు కాదు, కాసేపు తప్పుకోండి’ అని వాటికి చెప్పే సైగ అది. ఈ సంగతి చదివిన రోజు కనపడిన ప్రతివాడికీ చెప్పాను. ఒక్కడు కూడా ఆశ్చర్యపోలేదు.

దారి ఖాళీ అయ్యాక రెండు మోడెంలూ రకరకాల స్వరాలు వదిలి లైనుని పరీక్షించుకునేవి: ఏవి సాఫీగా దాటుతున్నాయి, ఏవి మధ్యలో నీరసిస్తున్నాయి, ఎంత వేగానికి ఒప్పుకోవచ్చు. ఆఖర్న హుష్‌ష్‌మని హోరు. అర్థం పర్థం లేదనిపించే ఆ హోరే అసలు డేటా. గజిబిజి చేసి, లైను మొత్తం వెడల్పునా పరిచి పంపుతారు కాబట్టి చెవికి ఏ స్వరమూ విడిగా దొరకదు. బేరం కుదరగానే స్పీకరు నోరు మూసుకునేది. 1998లో వచ్చిన వి.90 ప్రమాణంలో సెకనుకి కిందికి 56 కిలోబిట్లు, పైకి 33.6 అని రాసి ఉండేది. ఆ 56 నాకు ఎప్పుడూ దక్కలేదు. ఎంత దక్కబోతోందో మాత్రం హోరు మొదలవ్వకముందే తెలిసిపోయేది. పరీక్షలు గబగబా అయిపోతే ఆ రాత్రి అదృష్టం పండినట్టే. సాగి సాగి మళ్లీ మొదటికొచ్చాయంటే పెద్ద డౌన్‌లోడ్‌ల ఆశ వదులుకోవడమే.

అసలు ఆ గోలంతా మనకెందుకు వినిపించాలి? 1981 నాటి హేస్ స్మార్ట్‌మోడెం దగ్గర్నుంచీ స్పీకరు ఉంచడానికి సూటి కారణం ఉంది. అవతల లైను బిజీగా ఉందా, తప్పు నంబరు తగిలి ఎవరో పాపం "హలో, హలో" అంటున్నారా అన్నది మనిషే విని తెలుసుకోవాలి. వద్దనుకుంటే ‘ఏటీ ఎం సున్నా’ అని ఆదేశం ఇస్తే చాలు, మోడెం మౌనవ్రతం పట్టేది. రాత్రిళ్లు ఇంట్లోవాళ్లు లేచి తిడతారని కొన్నాళ్లు అలాగే నడిపాను. కానీ చప్పుడు లేకపోతే పని ఎక్కడ చిక్కుకుందో తెలిసేది కాదు, చీకట్లో తడుముకున్నట్టుండేది. తిట్లే నయమనిపించి స్పీకరు మళ్లీ తెరిచాను, వాల్యూము మాత్రం తగ్గించి.

ఆ వేగంలో ఒక ఎంపీ3 పాట దిగడానికి పావుగంట పట్టేది. నిమిషం పాటకి సుమారు ఒక ఎంబీ, సెకనుకి నాలుగైదు కిలోబైట్లు, లెక్క అంతే. మధ్యలో ఎవరైనా పక్క గదిలో ఫోన్ ఎత్తితే మళ్లీ మొదట్నుంచీ. అలా వచ్చిన పాటని ఎంత శ్రద్ధగా వినేవాణ్నో, ఇప్పుడు వేల పాటలు వేలి కింద ఉన్నప్పుడు అంత శ్రద్ధగా వినటం లేదు. ఈ మాట అందరూ అనేదే. అయినా నిజమే కాబట్టి ఉంచుతున్నాను.

పాటలు వినే పరికరాల్లో నాకు బాగా నచ్చిన చిలిపితనం సోనీ మొదటి వాక్‌మన్‌ది. 1979 జులై 1న అమ్మకానికి వచ్చిన ఆ టీపీఎస్-ఎల్2కి రెండు హెడ్‌ఫోన్ రంధ్రాలు, పైన నారింజ రంగు ‘హాట్‌లైన్’ బటన్ ఉండేవి. ఇద్దరు వింటున్నప్పుడు మాట్లాడుకోవాలంటే బటన్ నొక్కితే పాట తగ్గి, లోపలి మైకు ద్వారా ఒకరి మాట ఒకరికి వినపడేది. ఒంటరిగా పాట వినడం మర్యాద కాదేమోనని తయారుచేసినవాళ్లే జంకారట. ఆ జంకు ఎక్కువ కాలం నిలవలేదు, తర్వాతి మోడళ్లలో ఆ బటన్ ఎగిరిపోయింది. నా చేతికొచ్చిన వాక్‌మన్‌లో అది లేదు. ఆటో రివర్స్ మాత్రం ఉండేది. మొదటి వైపు అయిపోగానే లోపల ‘కటక్’మనేది. బ్యాటరీ నీరసించే కొద్దీ గాయకుడి గొంతు మెల్లమెల్లగా లావెక్కేది. ఇప్పుడు బ్యాటరీ శాతం అంకెల్లో చూస్తాం, అప్పుడు శ్రుతిలో వినేవాళ్లం.

2001 అక్టోబరులో ప్రకటించిన మొదటి ఐపాడ్ లోపల 1.8 అంగుళాల హార్డ్ డిస్కు తిరిగేది, 5 గిగాబైట్లది. నిత్యం తిరిగితే బ్యాటరీ ఏమవుతుంది? అందుకని రాబోయే పాటల్ని 32 ఎంబీ మెమరీలోకి ఒక్కసారే లాగేసి డిస్కుని నిద్రపుచ్చేవారు. ఎవరిదో ఐపాడ్ అరువు తెచ్చుకుని, హెడ్‌ఫోన్లు తీసేసి పరికరాన్నే చెవికి ఆనించి విన్నాను. చక్రం మీద వేలు తిప్పితే వచ్చే చిటచిటలు లోపలున్న, కరెంటు ఇస్తే కంపించే చిన్న పీజో పలక చేసేవి. వాటి వెనక, కాసేపటికోసారి, డిస్కు లేచి సన్నగా ఈలవేసి మళ్లీ పడుకునేది. పాటకంటే అదే నాకు ముచ్చటేసింది. యజమాని మాత్రం నా వైపు అదోలా చూశాడు.

ఇంత చెప్పి 2జీ ఫోన్ల బుర్రు గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. టేబుల్ మీద ఫోన్, దాని పక్కన కంప్యూటర్ స్పీకర్లు. ఉన్నట్టుండి స్పీకర్లలో ‘ట్టిడిట్-ట్టిడిట్-ట్టిడిట్, బుర్ర్ర్ర్’. క్షణం తర్వాత ఫోన్ మోగేది. రేడియో తరంగం 900 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటే అది చెవికెలా వినపడుతుంది? తరంగం వినపడదు. కానీ జీఎస్ఎం అనే ఆ 2జీ పద్ధతిలో ఒకే పౌనఃపున్యాన్ని ఎనిమిది మంది వంతులవారీగా పంచుకుంటారు. ఎనిమిది వంతులు తిరిగి రావడానికి 4.615 మిల్లీసెకన్లు. అంటే మన ఫోన్ సెకనుకి 217 సార్లు గట్టిగా అరిచి ఆగుతుంది. ఆ అరిచి ఆగడాన్ని స్పీకరు తీగలు పట్టుకుని మనకి 217 హెర్ట్జ్ బుర్రుగా వినిపిస్తాయి. 3జీ ఫోన్లు వంతులు లేకుండా ఆగకుండా ప్రసారం చేస్తాయి కాబట్టి, అవి రాగానే ఆ బుర్రు మాయమైంది.

అది ఉన్నన్నాళ్లూ నేను దాంతో బాగా గొప్పలు పోయాను. స్పీకరు ట్టిడిట్‌మనగానే "ఉండండి, ఫోనొస్తోంది" అని చెయ్యెత్తేవాణ్ని, మోగేది. కొందరు నిజంగా బెదిరారు. కొద్ది ముక్క బుర్రుమని ఆగిపోతే మెసేజు, లేదా ఫోన్ టవరుకి హాజరు వేయించుకోవడం. నోకియా ఫోన్లలో మెసేజుకి ఒక టోను ఉండేది గుర్తుందా: మూడు పొట్టి, రెండు పొడుగు, మూడు పొట్టి. మోర్స్ కోడ్‌లో ‘ఎస్ఎంఎస్’ అని. ఎన్నాళ్లుగానో విన్నా నాకు తట్టలేదు, మోర్స్ తెలిసిన ఒక పెద్దాయన నా జేబులో ఫోన్ మోగినప్పుడు చదివి చెప్పాడు.

ఎస్ఎంఎస్ మాటొచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. ఒక మెసేజులో పట్టేది 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఏడు బిట్లు చాలు గనుక 160 అక్షరాలు. తెలుగు లిపికి రెండేసి బైట్లు కావాలి గనుక 70. ఆ 70లో కూడా ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్క. ‘స్త్రీ’ మన కంటికి ఒక్కటే అక్షరం, ఫోనుకి ఆరు. పైగా అవతలి ఫోనులో తెలుగు ఫాంటు లేకపోతే వెళ్లేవి డబ్బాలే. ఒక తరం మొత్తం తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయడానికి అలవాటుపడిందంటే బద్ధకం ఒక్కటే కారణం కాదు.

అన్ని చప్పుళ్లూ అందరికీ వినపడవని కూడా ఈ యంత్రాలే నేర్పాయి. పాత గొట్టం టీవీలో ఎలక్ట్రాన్ పుంజం 625 గీతల బొమ్మని సెకనుకి 25 సార్లు గీసేది. గుణిస్తే 15,625. సరిగ్గా ఆ పౌనఃపున్యం దగ్గర లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కంపించి కీచుమనేది. చిన్నప్పుడు వాల్యూము పూర్తిగా తగ్గించి ఉన్నా, గది బయట నుంచే టీవీ ఆన్‌లో ఉందని చెప్పేవాణ్ని. పెద్దవాళ్లు నమ్మేవారు కాదు. వయసుతోపాటు చెవి ముందుగా పోగొట్టుకునేవి ఆ పై స్వరాలే. ఈమధ్య మూలన పడి ఉన్న పాత టీవీని బతికిద్దామని ఆన్ చేశాను. మా అమ్మాయి రెండు చెవులూ మూసుకుని "నాన్నా, ఆపెయ్యి, అరుస్తోంది" అంది. నాకు చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. దాని మొహం చూసి, టీవీ పనిచేస్తోందని నిర్ధారించుకున్నాను.

గొట్టం మానిటర్లకి డీగాస్ బటన్ ఉండేది. నొక్కితే ఢంయ్యిమని మోగి, బొమ్మంతా ఒక్కసారి జెల్లీ అయి మళ్లీ కుదురుకునేది. పక్కన స్పీకరు పెడితే తెరలోని లోహపు జల్లెడకి అయస్కాంతత్వం అంటుకుని రంగులు మచ్చలు పడతాయి, ఆ మచ్చలు పోగొట్టడానికి. వెంటనే రెండోసారి నొక్కితే అంత గట్టిగా మోగదు, వేడెక్కితే కరెంటుని అడ్డుకునే లోపలి థర్మిస్టర్ చల్లారాలి. ఊరికే వినడానికి నొక్కినవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు.

ఇప్పటి చప్పుళ్ల మీద నా ఫిర్యాదు అవి తక్కువయ్యాయని కాదు. ఫ్యాను లేని ల్యాప్‌టాప్ నాకూ హాయిగానే ఉంది, 52 ఎక్స్ సీడీ డ్రైవు నిమిషానికి పది వేల సార్లు తిరుగుతూ బల్లంతా వణికించిన రోజులు మళ్లీ రావాలని లేదు. తేడా ఇంకోచోట ఉంది. అప్పటివి పని చేస్తుంటే పుట్టిన చప్పుళ్లు, వాటికి అబద్ధం చెప్పడం చేతకాదు. ఇప్పటివి ఎవరో కూర్చుని తయారుచేసి అంటించినవి. ఫోన్ కెమెరాలో కదిలే షట్టరే లేదు, ‘కచక్’ మాత్రం ఉంది. ఫైలు చెరిపితే కాయితం నలిగిన చప్పుడు. 2015 నుంచి వస్తున్న మ్యాక్‌బుక్‌ల ట్రాక్‌ప్యాడ్ అయితే మరీ ఘోరం. నొక్కితే నిజంగా కిందికి దిగినట్టే ఉంటుంది, టక్‌మంటుంది. మెషీన్ ఆపేసి నొక్కి చూడండి, రాయిలా ఉంటుంది. అదంతా కింద ఉన్న విద్యుదయస్కాంతం చేసే నాటకం. ఇంజినీరింగ్‌గా చూస్తే మెచ్చుకోవాల్సిందే. నేను మెచ్చుకున్నాను కూడా. అయినా మోసపోయిన వేలు ఇంకా సమాధానపడలేదు.

తయారుచేసిన చప్పుళ్లన్నీ చెడ్డవని కూడా అనను. విండోస్ 95 తెరుచుకునేటప్పటి ఆ సంగీతం ఇంగ్లండ్ సంగీతకారుడు బ్రయన్ ఈనో చేసింది. మూడుంపావు సెకన్లలో ముగించమని అడిగితే ఆయన 84 ముక్కలు చేశాడట, చివరికి తీసుకున్నది ఆరు సెకన్ల దాకా ఉంటుంది. అదీ మ్యాక్ మీద కూర్చుని చేశానని ఆయనే తర్వాత చెప్పాడు. అది పాట, పాటలా విన్నాను. డిస్కు కరకర స్థానంలోకి రావాలని అదెప్పుడూ చూడలేదు.

యంత్రం పూర్తిగా నోరు మూసుకుందా అంటే, అదీ లేదు. 1975లో ఆల్టెయిర్ 8800 అనే కిట్ కంప్యూటర్ వచ్చింది. దానికి తెర లేదు, స్పీకరు లేదు, ముందు వైపు స్విచ్చులూ దీపాలూ తప్ప. స్టీవ్ డాంపియర్ అనే ఆయన దాని పక్కన ఉన్న రేడియోలో గరగర వస్తోందని, ప్రోగ్రాము మారితే ఆ గరగర మారుతోందని గమనించాడు. ఏ లూపు (మళ్లీ మళ్లీ నడిచే ఆదేశాల వరస) ఎంతసేపు తిరిగితే ఏ స్వరం వస్తుందో పట్టుకుని, కాలిఫోర్నియాలోని హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బులో ఆ మెషీన్ చేత రేడియోలో పాట పాడించాడు. వీడియో అడిగేవాళ్లు లేని ఆ రోజుల్లో జనం లేచి చప్పట్లు కొట్టారట.

ఆ కథ చదివాక పాత ట్రాన్సిస్టర్ ఒకటి వెతికి తీశాను. మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి కొత్త ల్యాప్‌టాప్ పక్కకి జరిపాను. మూగదనుకున్న మెషీన్ ఒకటే వాగుడు. వీడియో తెరిస్తే బుర్రుమంది, పేజీ కిందికి లాగితే కిచకిచలాడింది, వదిలేస్తే సన్నగా గొణుగుతూ కూర్చుంది. ఛార్జరు తగిలిస్తే గొంతే మారిపోయింది. మా అమ్మాయి ట్రాన్సిస్టర్ లాక్కుని ఇల్లంతా తిరుగుతోంది. ఇప్పటిదాకా దానికి దొరికినవాటిలో అన్నిటికంటే గోల చేసేది వంటింట్లో ఎల్‌ఈడీ బల్బు. దాని తర్వాత రూటరు. ఫ్రిజ్‌కి రెండు గొంతులున్నాయని వాదిస్తోంది, ఇంకా ఒప్పుకోలేదు నేను.